పాత జీపుకు డీజిల్ మీటరు



పాత జీపు నడిపేవాళ్లను బంకు దగ్గర మీరు చూసే ఉంటారు. ఎంత కొట్టమంటారని బంకు కుర్రాడు అడిగితే వాళ్లు మీటరు వంక చూడరు. ట్యాంకు మూత తిప్పి, సీటు పక్కన పెట్టుకున్న పుల్ల ఒకటి లోపలికి దించి, పైకి తీసి, తడి ఎక్కడిదాకా ఎక్కిందో చూసుకుని అప్పుడు చెబుతారు. మీటరు ఏమైందండీ అంటే, "అది ఎప్పుడూ అంతే" అంటారు. మీటరు పనిచేయకపోవడం పాత బండి లక్షణమని అందరం ఒప్పేసుకున్నాం. అలా ఒప్పుకోనక్కర్లేదని, అదీ డీజిల్ జీపు విషయంలో అసలు ఒప్పుకోకూడదని చెప్పడానికే ఈ ప్రసంగం. ఇంకో మాట కూడా ఉంది. బాగుచేయిద్దాం అనుకున్నవాళ్లు సైతం మొట్టమొదట చేసే పని డ్యాష్‌బోర్డులో మీటరు పీకి కొత్తది పెట్టించడం. ఆ పని అన్నిటికన్నా ఆఖర్న చేయాల్సింది.

జీపుకూ మన పల్లెలకూ ఉన్న సంబంధం ఈనాటిది కాదు. 1945లో పుట్టిన మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. మండలాలు రాకముందు, పంచాయతీ సమితులున్న రోజుల్లో, ఊళ్లోకి నాలుగు చక్రాల బండి వచ్చిందంటే అది బీడీవో గారి సమితి జీపే. మలేరియా మందు కొట్టేవాళ్లు, కలరా సూదులు వేసేవాళ్లు, ఎన్నికల పెట్టెలు తెచ్చేవాళ్లు, అందరూ జీపుల్లోనే దిగేవారు. అమెరికాలో 1968తో ఆగిపోయిన సీజే త్రీబీ అనే నమూనా మన దగ్గర ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు తయారైంది. 1980లలో డీజిల్ ఇంజన్‌తో ఎం.ఎం. 540 వచ్చింది. 1985లో మారుతి జిప్సీ వచ్చి సైన్యానికీ పోలీసులకూ అలవాటైంది. 2010లో థార్ వచ్చాక ఇవన్నీ పాత బళ్ల లెక్కలోకి చేరాయి. కానీ మూలపడలేదు. పాడేరు, చింతపల్లి కొండల్లో సంతకు మనుషుల్నీ బస్తాల్నీ మోసేవి, శ్రీశైలం దగ్గర నల్లమల అడవిలోకి ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి భక్తుల్ని తీసుకెళ్లేవి ఇప్పటికీ జీపులే. ఆ రాళ్ల దారిలో వేరే బండి నడవదు.

అలాంటి దారిలో డీజిల్ అయిపోతే ఏమవుతుందో ముందు చెప్పుకుందాం. పెట్రోలు బండికి పెట్రోలు అయిపోతే, రెండు లీటర్లు తెచ్చి పోస్తే కాసేపటికి బండి లేస్తుంది. పాత డీజిల్ ఇంజన్ అలా లేవదు. ట్యాంకు ఖాళీ అయ్యేటప్పుడు పైపుల్లోకి గాలి దూరుతుంది. ఇంజన్‌లోకి డీజిల్‌ను చిమ్మే పంపు డీజిల్‌ను నెట్టగలదు కానీ గాలిని నెట్టలేదు. గాలి ముడుచుకుని ఊరుకుంటుంది, ఇంజెక్టర్ తెరుచుకోదు. దీన్నే మెకానిక్కులు ఎయిర్ పట్టింది అంటారు. అప్పుడు డీజిల్ తెచ్చి పోసినా సరిపోదు. ఫిల్టరు దగ్గరున్న చేతిపంపు కొడుతూ, బ్లీడ్ స్క్రూ వదులుచేసి, నురగతో వచ్చే డీజిల్ పోయి నురగలేని ధార వచ్చేదాకా గాలి తీయాలి. ఒక్కోసారి ఇంజెక్టర్ల దగ్గర నట్లు కూడా వదులు చేయాల్సి వస్తుంది. తగిన స్పానరు, తెలిసిన చెయ్యి ఉంటే అది అరగంట పని. రాత్రిపూట, వానలో, ఘాట్ మలుపు మీద, వెనక పదిమంది కూర్చుని ఉండగా, తెలిసిన చెయ్యి లేకపోతే తెల్లవారేదాకా అక్కడే. పైగా ట్యాంకు అడుగంటేసరికి అడుగున పేరుకున్న మడ్డి, నీళ్లు కూడా పైపులోకి వస్తాయి. అవి ఫిల్టరును మూసేస్తాయి, దాటి వెళితే పంపును తినేస్తాయి. పంపు బాగుచేయించడానికి అయ్యే ఖర్చులో మీటరు ఖర్చు ఒక మూలకు రాదు. అందుకే డీజిల్ జీపుకు మీటరు అలంకారం కాదంటున్నాను.

మీటర్లు లేకుండా బతికిన కాలమూ ఉంది. ఫోర్డ్ మోడల్ టి కారుకు మీటరు లేదు. ట్యాంకు సీటు కింద ఉండేది, పుల్ల ముంచి చూసుకోవడమే. అందులో పెట్రోలు పల్లానికి పారినట్టు తనంతట తానే ఇంజన్‌కు దిగాలి, పంపు లేదు. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు నిటారు మిట్ట ఎక్కాలంటే కారును వెనక్కి తిప్పి, రివర్సు గేరులో ఎక్కించేవారు. మన స్కూటర్ల సంగతి మీకు తెలుసు. పాత స్కూటర్లకు మీటరు ఉండేది కాదు. రిజర్వుకు తిప్పడం, అదీ అయిపోతే స్కూటరును ఒక పక్కకు వంచి, అడుగున మిగిలిన చుక్కలతో బంకుదాకా చేరడం మన ఇళ్లలో ప్రతి తండ్రికీ తెలిసిన విద్య. జీపును వంచలేం కదా.

ఇక మీటరు ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు.

ట్యాంకులో తేలుతూ ఒక ఫ్లోటు ఉంటుంది. పూర్వం బెండుతో చేసేవారు. తర్వాత లోపల డొల్లగా ఉండే ఇత్తడి డబ్బా వచ్చింది, ఆ తర్వాత ప్లాస్టిక్‌ది. దానికి సన్నటి కమ్మీ చెయ్యి ఒకటి. ఆ చేతి రెండో కొసన చిన్న లోహపు నాలుక. సన్నటి తీగ దగ్గర దగ్గరగా చుట్టిన పలక ఒకటి ఉంటుంది, దాని మీద ఆ నాలుక రాసుకుంటూ జరుగుతుంది. డీజిల్ పెరిగితే ఫ్లోటు లేచి నాలుక ఒక వైపుకు, తగ్గితే రెండో వైపుకు జరుగుతుంది. నాలుక ఎక్కడ ఆనిందో దాన్నిబట్టి కరెంటు ఎంత పొడవు తీగలోంచి పోవాలో మారుతుంది. తీగ పొడవెక్కువైతే కరెంటుకు అడ్డంకి ఎక్కువ. ఆ అడ్డంకిని ఓమ్‌లలో కొలుస్తారు. ఈ సరంజామా మొత్తాన్ని షెడ్లలో ట్యాంకు యూనిట్ అంటారు, కొందరు ఫ్లోటు అనే పిలుస్తారు. ఆ యూనిట్ నుంచి ఒకే ఒక వైరు డ్యాష్‌బోర్డులోని మీటరుకు వెళుతుంది. కరెంటు తిరిగి రావడానికి వేరే వైరు ఉండదు, బండి ఇనుప బాడీయే దారి. దాన్నే ఎర్త్ అంటాం.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. మీటరుకు డీజిల్ గురించి ఏమీ తెలియదు. ఆ వైరు దారి పొడుగునా ఉన్న అడ్డంకి ఎంతో, అదొక్కటే దానికి తెలుసు. యూనిట్ ఇచ్చే అడ్డంకికి తోడు, ఎర్త్ దగ్గర పట్టిన తుప్పు ఒక ఇరవై ఓమ్‌లు కలిపిందనుకోండి, మీటరు ఆ తుప్పును కూడా డీజిల్ లెక్కలోనే వేసి చూపిస్తుంది. వైరు తెగితే తెగిందని చెప్పలేదు, ముల్లు ఒక చివరకు పోయి కూర్చుంటుంది. బాడీకి వైరు ఒరుసుకుని షార్టయితే రెండో చివరకు పోతుంది. కాబట్టి తప్పు చూపించే మీటరు చాలాసార్లు నిక్షేపంగా ఉన్న మీటరే. దానికి అందుతున్న సమాచారం తప్పు.

మొన్న ఎండాకాలం మా బావగారి జీపు విషయంలో జరిగింది వినండి. పాత డీజిల్ జీపు, ఒక కాఫీ తోట వాళ్ల దగ్గర కొన్నది. కొన్నప్పటి నుంచీ దాని మీటరుది విచిత్రమైన వ్యవహారం. ట్యాంకు నిండుగా కొట్టిస్తే ముల్లు ఖాళీ దగ్గరుండేది. నడిచి నడిచి డీజిల్ తగ్గేకొద్దీ ముల్లు పైకి లేచేది. మీటరు పాడైందని బావ కొత్తది ఒకటి కొని పట్టుకుని నర్సీపట్నంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డుకు బయల్దేరాడు, నేనూ వెళ్లాను. ఆ మేస్త్రీ పెద్దవాడు. బావ చేతిలో అట్టపెట్టె చూసి, "అది పక్కన పెట్టండి బాబూ, ముందు బండిని చూడనివ్వండి" అన్నాడు.

సీటు తీసి, యూనిట్ మీదున్న వైరు ఊడదీసి, దేనికీ తగలకుండా గాలిలో ఉంచి, తాళం తిప్పమన్నాడు. ముల్లు నిండుకు వెళ్లి, దాన్ని కూడా దాటి ఆనుకుంది. తాళం తీయించి, ఆ వైరు కొసను బాడీకి కట్టి, మళ్లీ తిప్పమన్నాడు. ముల్లు ఖాళీకి దిగింది. "మీటరు బాగుంది, వైరు బాగుంది" అన్నాడు. మరి దోషం ఎక్కడుంది మేస్త్రీ గారూ అని బావ అడిగితే, మల్టీమీటరు తెచ్చి ఒక కొస యూనిట్ టెర్మినల్‌కు, రెండో కొస దాని అంచుకు ఆనించాడు. ట్యాంకు దాదాపు నిండుగా ఉంది. 10 పైచిలుకు ఓమ్‌లు చూపించింది. ఆ తర్వాత స్క్రూలు తీసి యూనిట్ పైకి లాగి, ఫ్లోటును చేత్తో కిందికి దించుకుంటూ వచ్చాడు. అంకె పెరుగుతూ పోయి 70 దాటింది. "చూశారా, ఈ యూనిట్‌కు నిండు ట్యాంకంటే తక్కువ ఓమ్‌లు. ఆ మీటరుకు నిండు అంటే ఎక్కువ ఓమ్‌లు. ఇద్దరిదీ చెరో భాష. ఎవరో జత కాని మీటరు బిగించారు" అన్నాడు.

అసలు కిటుకు ఇదే. మీటరూ ట్యాంకు యూనిట్టూ జంటగా పుట్టినవి. ప్రపంచంలో కంపెనీకో కొలత ఉంది. అమెరికాలో జనరల్ మోటార్స్ పాత బళ్లలో ఖాళీకి 0 ఓమ్, నిండుకు 90. ఫోర్డ్ పాత బళ్లలోనూ, 1976 నుంచి 86 దాకా వచ్చిన సీజే జీపుల్లోనూ ఖాళీకి 73, నిండుకు 10. స్టీవార్ట్ వార్నర్ వాళ్ల మీటర్లకు ఖాళీకి 240, నిండుకు 33. జర్మనీ వీడీవో వాళ్లది తిరగేసి, ఖాళీకి 10, నిండుకు 180. మన అంగళ్లలో దొరికే మీటర్లు, యూనిట్లు ఏ వైపు నుంచైనా నకలు దిగినవే కావచ్చు. చూడ్డానికి గుండ్రంగా, ఒకే సైజులో, ముఖం మీద అవే అక్షరాలతో ఉంటాయి. బిగించడానికి ఏ ఇబ్బందీ ఉండదు. చూపించేది మాత్రం అబద్ధం. కొనేటప్పుడు కొట్టువాణ్ని అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఖాళీకి ఎన్ని ఓమ్‌లు, నిండుకు ఎన్ని? చెప్పలేకపోతే మీ పాత యూనిట్‌ను పట్టుకెళ్లి, మల్టీమీటరుతో రెండిటినీ పక్కపక్కన కొలిపించుకోండి. ఇంకా మేలైన పని, మీటరూ యూనిట్టూ ఒకే కంపెనీవి, ఒకే నమూనాకు చెందినవి కలిపి కొనడం. బండికి వోల్టు ఎంతో కూడా చూసుకోండి. రెండో ప్రపంచ యుద్ధంనాటి మామూలు విల్లీస్ జీపు 6 వోల్టులది. దాన్ని పన్నెండుకు మార్పించిన వాళ్లు పాత మీటరును అలాగే వదిలేస్తే అది మాడిపోతుంది.

పరీక్ష గురించి కొంచెం విడమరచి చెబుతాను. తాళం ఆపి ఉండగా యూనిట్ దగ్గర వైరు ఊడదీయండి. తాళం తిప్పండి. ముల్లు ఒక చివరకు పోవాలి. మళ్లీ తాళం ఆపండి. వైరును శుభ్రమైన బాడీ ఇనుముకు కట్టి, తాళం తిప్పి, ముల్లు రెండో చివరకు వెళ్లిందని చూసి వెంటనే ఆపేయండి. ఏ చివర నిండు, ఏ చివర ఖాళీ అన్నది మీటరు జాతిని బట్టి ఉంటుంది, ఇప్పుడు ముఖ్యం ముల్లు రెండు చివర్లకూ కదలడం. కదిలితే మీటరుకూ వైరుకూ దోషం లేదు, యూనిట్‌నో దాని ఎర్త్‌నో చూసుకోవాలి. కదలకపోతే ఇదే పని మీటరు వెనక, ఆ వైరు కలిసే టెర్మినల్ దగ్గర చేయండి. అక్కడ కదిలితే మధ్యలో వైరు తెగింది. అక్కడా కదలకపోతే మీటరుకు కరెంటు వస్తోందో లేదో టెస్టు ల్యాంపుతో చూడండి, మీటరు ఎర్త్ చూడండి. ఫ్యూజు సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇవన్నీ బాగుండి కూడా ముల్లు చలించకపోతే అప్పుడు మీటరు పోయిందని అనండి. ఒక్క జాగ్రత్త. తాళం తిప్పి ఉండగా ట్యాంకు దగ్గర వైరును బాడీకి తాకించి చూడకండి, నిప్పురవ్వ లేస్తుంది. ముందు కట్టి, తర్వాతే తాళం తిప్పాలి. వేడితో పనిచేసే రకం మీటర్లను ఎక్కువసేపు అలా ఉంచితే లోపలి తీగ కాలిపోతుంది కూడా.

ఎర్త్ గురించి ఎంత చెప్పినా తక్కువే. జీపు ట్యాంకు బాడీకి నేరుగా ఇనుమూ ఇనుమూ తగిలేలా కూర్చోదు. చప్పుడు రాకుండా కింద రబ్బరో గుడ్డపట్టీయో వేస్తారు. బిగించే పట్టీలకు రంగు. పైన యూనిట్ కింద ప్యాకింగ్. ఇన్నేళ్ల బురద, ఇన్నేళ్ల వాన. కరెంటు తిరిగి వెళ్లే దారి ఇలా ఒక్కొక్కటిగా మూసుకుపోతుంది. రెండు మూరల వైరు ఒకటి తీసుకుని, ఒక కొస యూనిట్ అంచు మీది స్క్రూకు, రెండో కొస రంగు గీకిన ఛాసిస్ బోల్టుకు బిగించండి. దీంతో బతికిన మీటర్లు నేను చాలా చూశాను. కొత్త మీటరు ధరలో పదో వంతు కూడా కాదు ఆ వైరు.

సముద్రం ఒడ్డున, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు తిరిగే బళ్లకు ఇంకో బెడద ఉంది. ఉప్పుగాలికి టెర్మినళ్ల మీద పచ్చటి చిలుము కడుతుంది. వైరు తొడుగు లోపల కూడా రాగి నల్లబడిపోతుంది. పైకి వైరు బాగానే ఉంటుంది, లోపల కరెంటు పోదు. గీకితే మెరవని రాగిని గీకుతూ కూర్చోకండి, ఆ ముక్క కత్తిరించి కొత్త వైరు వేయించండి.

యూనిట్ బయటికి తీశాక చూడాల్సినవి రెండు. ఒకటి ఫ్లోటు. ఇత్తడి ఫ్లోటును చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల చప్పుడవుతోందంటే చిల్లుపడి డీజిల్ లోపలికి చేరిందన్నమాట. బరువెక్కి మునిగిపోతుంది కాబట్టి ట్యాంకు నిండుగా ఉన్నా ఖాళీ అంటుంది. చిల్లు కంటికి కనబడకపోతే వేడినీళ్లలో ముంచి చూడండి, సన్నటి బుడగల వరుస ఎక్కడినుంచి లేస్తుందో అదే చోటు. టంకం పెట్టి మూయవచ్చు కానీ లోపలి ఇంధనం పూర్తిగా ఆరకుండా సెగ చూపించకూడదు. పెట్రోలు ఫ్లోటైతే పేలుతుంది. దానికన్నా కొత్త ఫ్లోటు వేయడమే నా సలహా. రెండోది నాలుక రాసుకునే తీగ పలక. మామూలుగా బండి ఎక్కువకాలం తిరిగేది సగం, పావు ట్యాంకుతో. అందుకని పలక మధ్యభాగమే ఎక్కువ అరుగుతుంది. ముల్లు నిండు దగ్గర బాగానే ఉండి, సగానికి వచ్చేసరికి గెంతుతూ, మాయమై మళ్లీ కనబడుతూ ఉంటే అరిగిన చోటు అదేనని అర్థం. ఫ్లోటును చేత్తో మెల్లగా అడుగు నుంచి పైదాకా లేపుతూ మల్టీమీటరు చూడండి. అంకె ఎక్కడా తెగకుండా పెరగాలి లేదా తగ్గాలి. మా బావగారి యూనిట్‌ను ఇలా మెల్లగా లేపి చూస్తే అంకె మధ్యలో రెండు చోట్ల తెగింది. అందుకే అక్కడ మీటరూ యూనిట్టూ రెండూ మార్చాం, జతగా.

కొన్ని బళ్లలో ఇంకో చిన్న డబ్బా ఉంటుంది, వోల్టేజి స్టెబిలైజరు. వేడికి వంగే రెండు లోహాల పట్టీతో పనిచేసే మీటర్లకు బ్యాటరీ వోల్టు హెచ్చుతగ్గులైతే ముల్లు కూడా హెచ్చుతగ్గులవుతుంది. అందుకని మధ్యలో దీన్ని పెడతారు. పాత ల్యాండ్ రోవర్లలో ఇది కరెంటును కట్ చేస్తూ వదులుతూ సగటున 10 వోల్టులు ఇస్తుంది. నేను ఇందాక చెప్పిన సీజే జీపుల్లో ఇది ఇంధనం మీటరు లోపలే ఉండి, టెంపరేచరు మీటరుకూ ఇక్కడినుంచే కరెంటు ఇస్తుంది. కాబట్టి డీజిల్ మీటరు, టెంపరేచరు మీటరు రెండూ ఒకేసారి ఎక్కువ చూపినా, రెండూ ఒకేసారి చచ్చిపోయినా రెండు మీటర్లు కొనడానికి పరుగెత్తకండి. ఒక్క స్టెబిలైజరు చూడండి, దాని ఎర్త్ చూడండి. ఎర్త్ వదిలితే అది బ్యాటరీ వోల్టునంతా అలాగే వదిలేస్తుంది, ముళ్లు రెండూ పైకి పోతాయి. తెలిసిన ఎలక్ట్రీషియన్లు దీని బదులు 7810 అనో 7805 అనో మూడు కాళ్ల చిన్న రెగ్యులేటరు వేసి ఇస్తున్నారు. పది వోల్టులకు 7810, అయిదు వోల్టులకు 7805. మంచి పని.

ఇప్పుడు జాగ్రత్తల మాట. డీజిల్ ట్యాంకు విప్పడం ఒక ఎత్తు, జిప్సీ లాంటి పెట్రోలు బండి ట్యాంకు విప్పడం ఇంకో ఎత్తు. మన పెట్రోలియం చట్టం పెట్రోలును ఎ తరగతిలో, డీజిల్‌ను బి తరగతిలో పెట్టింది, తేడా అంటుకునే ఉష్ణోగ్రతలోనే. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదుగా పాకి గుంటల్లో నిలుస్తుంది. గాలిలో అది సుమారు ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం దాకా ఉన్నప్పుడు అంటుకుంటుంది. నిండు ట్యాంకులో ఆవిరికి గాలి చాలదు. ఖాళీ ట్యాంకులో గాలీ ఆవిరీ అంటుకునే పాళ్లలో కలవవచ్చు. అందుకే ఖాళీ చేసిన పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదం. బ్యాటరీ నెగెటివ్ వైరు తీయకుండా స్పానరు పట్టకండి. ఆరుబయట చేయండి. గుంట ఉన్న షెడ్డులో, వెల్డింగు జరిగేచోట, బీడీ కాల్చేవాళ్ల పక్కన వద్దు.

యూనిట్ స్క్రూలు విప్పేముందు ట్యాంకు పైభాగం గుడ్డతో, వీలైతే గాలి కొట్టించి శుభ్రం చేయండి. అక్కడ పేరుకున్న మట్టి లోపల పడితే రేపు ఫిల్టరులో తేలుతుంది. యూనిట్ ఏ దిక్కుగా కూర్చుందో గుర్తు గీసుకోండి, ఫ్లోటు చెయ్యి ట్యాంకు గోడకు తగిలితే ముల్లు సగంలో ఆగిపోతుంది. కొత్త ప్యాకింగ్ ఇంధనానికి తట్టుకునే రకమే ఉండాలి. మామూలు సిలికాన్ పేస్టు పూస్తే పెట్రోలుకు ఉబ్బి ఊడి, ముక్కలు పైపులోకి పోతాయి. మీటరు బిగించడం దగ్గర చెప్పడానికి ఎక్కువ లేదు. వెనక ఏ వైరు ఎక్కడిదో ఫోటో తీసుకుని, అలాగే కలపండి. నట్లు మితంగా బిగించండి, టెర్మినల్ తిరిగిందంటే లోపలి తీగ తెగుతుంది.

బిగించడంతో పని అయిపోయిందనుకోకండి. ట్యాంకు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు బండిని చదునైన చోట నిలిపి, అయిదేసి లీటర్లు కొలిచి పోస్తూ, పోసిన ప్రతిసారీ ముల్లు ఎక్కడ ఆగిందో ఒక కాగితం మీద రాసుకోండి. ముల్లు కుదురుకోవడానికి కాస్త సమయమివ్వండి. జీపు ట్యాంకు చదరపు పెట్టె కాదు, కొన్ని కింద సన్నం, పైన వెడల్పు. అందుకే ముల్లు సగం చూపించిన చోట డీజిల్ సగం ఉండకపోవచ్చు. మా బావ బండిలో ముల్లు ఖాళీ మీదికి వచ్చేసరికి ఇంకా చాలా మిగిలింది. ఫ్లోటు కమ్మీని మేస్త్రీ రెండు వేళ్లతో కొద్దిగా వంచి, మళ్లీ పెట్టి చూసి, సరిచేశాడు. ఆ తేడాను మొత్తం పోగొట్టలేదు, కొంత ఉంచాడు. ముల్లు ఖాళీ మీద ఉన్నప్పుడు కొన్ని లీటర్లు అడుగున ఉండడమే కొండ బండికి క్షేమమన్నాడు, నిజమే. ఘాట్ ఎక్కేటప్పుడు డీజిల్ వెనక్కి, దిగేటప్పుడు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ముల్లు కూడా ఊగుతుంది. ఎక్కుతూ చూసిన అంకెను నమ్మకండి, సమంగా ఉన్న చోట ఆగి చూసిందే అసలు లెక్క.

అయిదేసి లీటర్ల లెక్క రాసుకున్న ఆ కాగితాన్ని డ్యాష్‌బోర్డు అరలో పెట్టి ఉంచండి. బండి మీ తర్వాత ఎవరు నడిపినా వాళ్లకు పనికొస్తుంది.

పాత జీపులున్న శ్రోతలకు, ముఖ్యంగా అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లోనూ నల్లమలలోనూ జనాన్ని ఎక్కించుకుని తిరిగే డ్రైవరు సోదరులకు నా విన్నపం ఒక్కటే. వానలు పడకముందే ఒక పూట వెచ్చించి, ట్యాంకు యూనిట్ దగ్గర ఎర్త్ విప్పి, గీకి, బిగించి చూడండి. అప్పటికీ ముల్లు కదలకపోతే మీ మేస్త్రీని ఓమ్‌లు కొలవమనండి. కొత్త మీటరు కొనడం ఆ తర్వాతి మాట.